ఛాతీ కొలత

పోయిన వారం పొద్దున్నే మా అన్న కొడుకు ఉప్పల్ నుంచి బండేసుకుని వచ్చాడు. నాచారంలో నేను జాకెట్లు కుట్టే ఈ గదికి వాడు వచ్చేదే తక్కువ. పండక్కి వస్తాడు, లేదంటే ప్యాంటు కురచ చేయించుకోవడానికి వస్తాడు. ఈసారి చేతిలో ప్యాంటు లేదు. వచ్చీ రాగానే చొక్కా విప్పి నా ముందు నిలబడ్డాడు.

"అత్తమ్మా, జర నా ఛాతీ కొలువు. ముందుగాల ఉత్తగ, తర్వాత ఊపిరి పీల్చినంక."

"ఎందుకురా?"

"మిలిట్రీల భర్తీ అయితున్న. ర్యాలీ ఉంది."

నా నోట్లో గుండుసూదులు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేశాను. మిలిట్రీకి ఎందుకురా అని అడగాలి నిజానికి. నేను అడిగింది అది కాదు.

"పొద్దుగాల ఏడ ఉరుకుతున్నవ్ రా?"

"రింగు రోడ్డు కాడ, మెట్రో పిల్లర్ల పొంటి. మస్తు మందిమొస్తం. ఏమైంది?"

ఏమీ కాలేదన్నాను. కొలిచాను. వాడు ఊపిరి పీల్చి బిగబట్టాడు. కావలసినదానికంటే ఎక్కువే వచ్చింది. వాడి మొహం వెలిగిపోయింది. టీ పెడతాను కూర్చోమని వంటగట్టు వైపు తిరిగాను. స్టవ్వు వెలిగించడానికి నాకు చాలాసేపు పట్టింది.

వాడి నాయన, అంటే మా అన్న, ఇదే నాచారంలో ఇలాగే చొక్కా విప్పి నిలబడ్డాడు ఒకప్పుడు. అప్పుడు నేను గౌను వేసుకునే పిల్లను. అన్నకు మీసాలు వస్తున్నాయి.

అప్పటి నాచారం సంగతి చెబితే ఇప్పటి పిల్లలు నేను కథలు అల్లుతున్నానంటారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన చోటంతా మాకు వరసగా కంపెనీలు. ఒకదాంట్లో నూలు, ఒకదాంట్లో బిస్కెట్లు, మిగతావాటిలో మందుల పొడులు. మధ్యాహ్నం బడి వదిలేవేళకు బిస్కెట్ల వాసన వచ్చేది. ఆ వాసన పీలుస్తూ తింటే ఉత్త పచ్చిపులుసు అన్నం కూడా కమ్మగా ఉండేది. దీపాలు పెట్టేవేళకు మాగిన అరటిపండు వాసన. అది పండు కాదని, కంపెనీ డ్రమ్ముల్లోంచి వస్తుందని మాకు తెలుసు. అయినా మేం పిల్లలం గల్లీలో నిలబడి గుండెల నిండా పీల్చి, అరటిపండు తిన్నామని బ్రేవుమని తేన్చేవాళ్ళం. తెల్లవారుజామున మాత్రం కుళ్ళిన గుడ్డు వాసన. ఆ పూట దుప్పటి ముక్కు మీదికి లాక్కుని మళ్ళీ పడుకునేవాళ్ళం. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఆ వాసనకు వాంతి చేసుకుంటే, పట్నం గాలి పడలేదు పాపం అని అమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చేది.

నాయనది మందుల పొడి కంపెనీలో పని. ఆయన బనియన్లు పసుపు, గోళ్ళు పసుపు, చెమట కూడా పసుపే. అమ్మ ఆయన బట్టలు వేరే బకెట్లో నానేసేది. ఆయన గల్లీ మలుపు తిరగకముందే దగ్గు వినపడేది. అది విని అమ్మ టీకి నీళ్ళు పెట్టేది. నాయనకు జీవితంలో ఒక్కటే పంతం మిగిలింది. కొడుకు ఆ కంపెనీ గేటు లోపల కాలు పెట్టకూడదు.

"నేను సచ్చినా సరే, వీడు ఆ గేట్ల పోవద్దు" అని అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అనేవాడు.

అనడం తేలికే. పదో తరగతి రెండోసారికి గట్టెక్కిన మా అన్నకు ఇంకే గేటు తెరుచుకుంటుంది? గల్లీలో మగపిల్లలందరిదీ అదే గతి. అందుకే అందరూ మిలిట్రీ మామ చుట్టూ చేరారు.

మిలిట్రీ మామ మాకు చుట్టమేమీ కాదు. నల్లగొండ దిక్కు మనిషి. ఫౌజులో హవల్దారుగా చేసి దిగిపోయి, నూలు మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. మీసాలు మెలేసి, ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా నడిచేవాడు. రెండు కరెంటు స్తంభాల నడుమ ఇనుప పైపు కట్టి, పిల్లల్ని దానికి వేలాడదీసేవాడు. ఇక పరుగుకు ఆయన ఏరికోరి పట్టిన చోటు కంపెనీల వెనక రోడ్డు. పగలంతా లారీలు తిరిగే ఆ రోడ్డు తెల్లవారేముందు ఖాళీగా ఉండేది. గుంతల్లేని తారు, గోడల మీద లైట్లు. ఇంతకన్నా మంచి గ్రౌండు ఎవరు ఇస్తరు మనకు అని మురిసిపోయేవాడు. గుడ్డు వాసనకు ఎవడైనా ముక్కు మూసుకుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"వాసనకే భయపడ్తె బార్డర్ల ఏం జేస్తవ్ రా? నోరు తెర్సి పీల్చు. గట్టిగ పీల్చు. ఛాతీ పెర్గాలె."

ఒక ఆదివారం సాయంత్రం నేను అన్నకు పాలగ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి, మామ పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కడినీ అడుగుతున్నాడు, మిలిట్రీకి ఎందుకు పోతావని. దేశం కోసం అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు ఇంకా గట్టిగా అన్నాడు. మామ మీసం కింద నవ్వు దాచుకుని, అబద్ధమాడినందుకు తలా రెండు చక్కర్లు ఎక్కువ కొట్టమన్నాడు.

"మరి నువ్వెందుకు పోయినవ్ మామా?" అని ఒకడు ఉడుక్కుని అడిగాడు.

"నేనా? మా ఊర్ల వానల్లెవ్వు. గటక గూడ లేకుండె. భువనగిరిల భర్తీ అయితుందంటె నడుసుకుంట పోయిన. ఆడ వరసల కూసోబెట్టి పూరీలు పెట్టిన్రు. తిన్న. మళ్ళ పెట్టిన్రు. గంతే, ఎక్కిన. దేశం సంగతి తర్వాత తెల్సింది బిడ్డా, పక్కన పండుకున్నోడు తెల్లారి లేవనప్పుడు. ముందుగాలైతె పూరీలే."

అందరూ నవ్వారు. మా అన్న వంతు వచ్చింది. వాడు పైపు వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"మా నాయిన లెక్క దగ్గొద్దని, మామా."

మామ వచ్చి వాడి భుజం మీద చెయ్యేశాడు. "వీడొక్కడు ఖరా మాట చెప్పిండు. వీనికి చక్కర్లు మాఫ్" అన్నాడు.

మా ఇంటి ఓనరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. అన్న మిలిట్రీకి తయారవుతున్నాడని విని కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. "దేశసేవ చేయాలంటే రాసిపెట్టి ఉండాలమ్మా. ఎంత అదృష్టవంతురాలివి!" అని అమ్మ చేతులు పట్టుకుంది. అంత అదృష్టం ఆవిడ కొడుకులకు అక్కర్లేకపోయింది. వాళ్ళిద్దరూ ఇంజనీరింగు కోచింగులో ఉన్నారు. అయితే ఆవిడ చెడ్డదని అనలేను. అన్న ఒళ్ళు చెయ్యాలని ఇంట్లో కాచిన నెయ్యి పంపింది. దేశం అనే మాట ఆ రోజుల్లో నేను ఎక్కువగా విన్నది మిలిట్రీకి పోనక్కర్లేని ఇళ్ళలోనే.

అన్న ఇంట్లో గుంజీలు తీసేటప్పుడు బరువు కోసం నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకునేవాడు. నేనందుకు ఎగిరి గంతేసేదాన్ని. ఎందుకంటే వాడు పైకి లేచినప్పుడల్లా ఓనరమ్మ జామచెట్టు కొమ్మ నా చేతికి అందేది. వాడు కిందికి దిగడం, నేను చూసి పెట్టుకోవడం, వాడు లేవడం, నేను తెంపడం. నా గౌను ఒడి నిండేదాకా వాడికి ఆపే వీలు లేదు. "సాలు దిగే, మెడలు ఇర్గుతున్నయ్" అని వాడు మొత్తుకుంటే వాడి చెవులు మెలేసి ఇంకో రెండు తీయించేదాన్ని. నా వల్లే వాడి తొడలకు బలం వచ్చిందని నేను అందరికీ చెప్పుకునేదాన్ని.

తొడలకు బలం వచ్చింది గానీ రెండు లోట్లు మిగిలాయి. బరువు చాలలేదు, ఎత్తు అరంగుళం తక్కువైంది. బరువు సంగతి నేను చూసుకుంటానన్నాడు నాయన. కంపెనీలో అడిగి పూర్తిగా రాత్రి డ్యూటీకి మారాడు. రాత్రి డ్యూటీకి కూలి ఎక్కువ. ఆ ఎక్కువతో ఇంట్లోకి గుడ్లు వచ్చాయి, అరటిపండ్లు వచ్చాయి, ఆదివారాలు మేక కాళ్ళ పులుసు వచ్చింది. అప్పటినుంచి తండ్రీ కొడుకులు ఒకరికొకరు కనబడేది సాయంత్రాలే. నాయన డ్యూటీ దిగి వచ్చేసరికి అన్న పరుగు నుంచి వచ్చి నిద్రపోతూ ఉండేవాడు. వాడు ఏ రోడ్డు మీద ఉరుకుతున్నాడో ఆయన అడగలేదు, వీడు చెప్పలేదు.

ఎత్తు సంగతి మిలిట్రీ మామ చూసుకున్నాడు. మనిషి పడుకుని లేచినప్పుడు పొడుగ్గా ఉంటాడని, నిలబడి తిరిగేకొద్దీ కుంగుతాడని ఆయన చెప్పాడు. ఫౌజులో ఎంతోమంది ఇలాగే ఎక్కారట. అందుకని భర్తీకి ముందు రోజు మధ్యాహ్నమే అన్నను బొంత మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తలకింద దిండు లేదు. ఇక లేవకూడదు. అమ్మ ముద్దలు చేసి పడుకున్నవాడి నోట్లోనే పెట్టింది. అరటిపండ్లు ఒలిచి పెట్టే పని నాది. ఒకటి గొంతుకు అడ్డంపడి వాడు ఉక్కిరిబిక్కిరైతే, లేవబోయిన వాడి నుదుటి మీద మామ చెయ్యి పెట్టి అదిమేశాడు. ఒంటికి పోసుకోవడానికి కూడా సీసానే ఇచ్చారు. నేను పడి పడి నవ్వాను.

తెల్లవారుతుండగా పక్కింటాయన కూరగాయల ట్రాలీ ఆటోలో బొంత పరిచి, నలుగురూ కలిసి అన్నను బల్లపరుపుగా ఎత్తి పడుకోబెట్టారు. నాయన ఆ రోజు సెలవు పెట్టి వాడి తల పట్టుకుని కూర్చున్నాడు. మామ కాళ్ళ దగ్గర. నేను ఏడ్చి గోల చేసి టిఫిన్ డబ్బాతో ఎక్కాను. హబ్సిగూడ దాటి తార్నాకలో ఆటో ఆగితే, చాయ్ హోటల్ ముందు కూర్చున్న ఒక ముసలాయన లేచి, నెత్తి మీది తువ్వాల తీసి అన్నకు దండం పెట్టాడు.

"పాపం, పోరడే గదా. ఎట్ల పోయిండు?"

మా అన్న కళ్ళు తెరిచి, "బతికే ఉన్న తాతా. మిలిట్రీకి పోతున్న" అన్నాడు. ముసలాయన అదిరిపడి వెనక్కి జరిగితే బల్ల మీది చాయ్ ఒలికిపోయింది. నాయన కూడా నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది, అయినా నవ్వాడు. ఆయన అంతగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

సికింద్రాబాదు గ్రౌండు దగ్గర మమ్మల్ని గోడ బయటే ఆపేశారు. అక్కడ మాలాంటి వాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. ఎక్కడెక్కడి నుంచో సద్దులు కట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు. బోరు ఎండిపోయిందని ఒకరు, ఉద్యోగం వస్తేనే పిల్లనిస్తామన్నారని ఒకరు, సవతితల్లి తిండి పెట్టదని మేనల్లుడిని తెచ్చిన ఒకాయన. నెగ్గినవాళ్ళు లోపలే ఉండిపోతారని, నెగ్గనివాళ్ళు వెనక గేటు నుంచి వస్తారని ఎవరో చెప్పారు. దాంతో ఎవరూ ఆ గేటు వైపు తిరగకుండా, గోడ వైపు మొహాలు పెట్టి కూర్చున్నారు.

ఎత్తు కొలిచిన వార్త ముందు వచ్చింది. లోపల నుంచి వచ్చిన ఒక పిల్లవాడు, నాచారం అన్న పాసయ్యాడని చెప్పాడు. మామ ఎగిరి గంతేశాడు. తర్వాత పరుగులో వాడిదే మొదటి గుంపు అని తెలిసింది. నాయన లేచి వెళ్ళి నాకు ఐస్‌ఫ్రూట్ కొనిచ్చాడు. ఎర్రటిది. అది సగం చీకేలోగా వెనక గేటు నుంచి అన్న వచ్చాడు.

చొక్కా చేతిలోనే ఉంది. ఎవరూ ఏమీ అడగకముందే వాడే చెప్పాడు.

"ఛాతీ కాడ పోయింది మామా. పీల్చమన్నరు. పీలుస్తుంటె దగ్గొచ్చింది. మళ్ళ పీల్చమన్నరు, మళ్ళ వచ్చింది. ఆ సారు మంచోడే, డాక్టర్‌ను పిలిసిండు. ఆయన వీపు మీద పెట్టి విన్నడు. బీడీ పీతా క్యా అన్నడు. లేదు సార్ అన్న. ఘర్ కిధర్ అన్నడు. నాచారం అన్న. ఇగ ఏం అడగలె. జా బేటా అన్నడు."

వచ్చేటప్పుడు అన్న ట్రాలీలో కూర్చునే వచ్చాడు. ఎంత కుంగినా ఇక పట్టింపు లేదు. అరటిపండ్లు మిగిలితే నన్ను తినమన్నారు. నాకు తినబుద్ధి కాలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున మామ మా ఇంటికి వచ్చాడు. నాయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్నాడు. అమ్మ నాకు జడ వేస్తోంది. మామ చొక్కా నలిగి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన కూర్చోలేదు.

"తమ్మీ, ఇయ్యాల తెల్లారగట్ల నేనొక్కన్నే ఆ కంపెనీల ఎన్క రోడ్డు మీద పోయి నిలవడ్డ. గోడ మీదికెల్లి గ్యాసు ఇడుస్తున్నరు. కండ్లు మండినయ్, గొంతు పట్టుకుంది. రోజు గాడ్నే ఉరికిచ్చిన పోరగాండ్లను. నోరు తెర్సి పీల్చున్రి అని నేనే చెప్పిన."

"ఏ గోడ అన్నా?" అన్నాడు నాయన.

"మీ కంపెనీదే."

నాయన టీగ్లాసు కింద పెట్టాడు. ఆయనకు దగ్గు రాలేదు ఆ కాసేపు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఆ వాల్వు తిప్పేది నేనే. రాత్రి డ్యూటీల నాదే ఆ పని. తెల్లారగట్లయితె మంది పండుకొని ఉంటరు, ఎవ్వరికి తెల్వదని సారు చెప్పిండు. వీడు పెద్ద రోడ్డు మీద ఉరుకుతుండనుకున్న అన్నా."

అమ్మ చేతులు నా జడలో అలాగే ఆగిపోయాయి. లోపలి గదిలో అన్న పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో వింటున్నాడో నాకు తెలియదు. కొడుకు ఆ గేటు లోపలికి పోకూడదనే నాయన రాత్రి డ్యూటీకి మారాడు. ఆ డ్యూటీలోనే తన చేత్తో వాల్వు తిప్పి, గోడ అవతల ఉరుకుతున్న కొడుకు మీదికి వదిలాడు. నాకు అప్పుడు ఇంత అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది. ఆమె నా జడ సగంలో వదిలేసి, టీగ్లాసు తీసుకుని బావి దగ్గరికి వెళ్ళి, దాన్ని తోముతూనే కూర్చుంది.

ఆ సాయంత్రమే మామ ఇనుప పైపు విప్పేశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చిన పిల్లలను బూతులు తిట్టి పంపేశాడు. నాయన పగటి డ్యూటీకి మారాడు. వాల్వు ఇంకెవరో తిప్పారు. తెల్లవారుజామున ఆ వాసన ఎప్పటిలాగే వచ్చేది, మేం దుప్పటి ముక్కు మీదికి లాక్కునేవాళ్ళం. మా గల్లీ నుంచి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కంపెనీ మూతబడితే అందరి పొయ్యిలూ ఆరిపోతాయి మరి. ఇన్నేళ్ళు గడిచినా నాకు ఆ మనుషుల మీద కోపం రాదు. ఎవరి మీద రావాలో వాళ్ళ మొహం నేనెప్పుడూ చూడలేదు. అందుకే అది ఎటూ పోకుండా నాలోనే ఉండిపోయింది.

టీ పట్టుకుని వచ్చేసరికి అన్న కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టినవాడు, పసితనంలోనే తండ్రి పోయి మొహం సరిగా గుర్తు లేనివాడు. బండి మీద ఇంటింటికీ తిండి పార్సిళ్ళు వేస్తుంటాడు. ఏఎస్ రావు నగర్, కాప్రా, నాగారం దాకా తిరుగుతాడు. ఇప్పుడు అడిగాను, మిలిట్రీకి ఎందుకురా అని. దేశం అంటాడేమో అనుకున్నాను.

"టైముకు తింట అత్తమ్మా. ఒక్క తాన పండుకుంట. ఎవడో స్టార్లు తక్కువిచ్చిండని పొద్దుగాల ఫోను మోగదు. సాలదా?"

"నాలుగేండ్లకే చానా మందిని పంపిస్తరంట గదరా. తర్వాత?"

"తర్వాత ఏదన్న గేటెడ్ కమ్యూనిటీల గార్డుగ నిలవడ్త. ఫౌజీ అంటె జర ఎక్కువిస్తరు." వాడికి ఆ లెక్క ముందే వచ్చేసింది. పాతికేళ్ళు కూడా నిండకముందే ఏ గేటు దగ్గర నిలబడాలో ఎంచి పెట్టుకున్నాడు. మిలిట్రీ మామ కూడా చివరికి గేటు దగ్గరే నిలబడ్డాడు గానీ, ఆయనకు పింఛనుండేది, నడుమ ఒక జీవితం ఉండేది. వీడికి అదీ ఉండదు. వద్దురా అనడానికి నోరు తెరిచాను. వద్దని, మరి ఏం చెయ్యమని చెప్పను? జాగ్రత్తరా అన్నాను. వాడు బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళ నాయన సంగతి వాడికి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

భర్తీ పోయిన తర్వాత మా నాయన ఎక్కువ కాలం మిగల్లేదు. దినాలు కాగానే కంపెనీ నుంచి మనిషి వచ్చి, తండ్రి జాగాలో కొడుకును పెట్టుకుంటామన్నాడు. అదేదో ఉపకారం చేస్తున్నట్టే చెప్పాడు, నిజంగా మాకు ఉపకారమే. ఇంట్లో బియ్యం లేవు. మర్నాడు అన్న తలస్నానం చేసి నాయన చొక్కా వేసుకున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మీ నాయిన మాటన్న ఉంచు కొడుకా, నాలుగిండ్లల్ల పాచిపని జేస్త, నువ్వు ఆ గేట్ల పోకు అని ఏడ్చింది.

అన్న ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. కొంగుతో ఆమె కళ్ళు తుడిచాడు. నవ్వాడు కూడా.

"ఫికర్ జెయ్యకే అవ్వా. నన్ను తీసుకుంటరు. ఈడ ఛాతీ కొల్వరు."